డిఎన్ఏను కోయడం, చూడటం, కలపడం: ప్రయోగశాలా పద్ధతుల చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

డిఎన్ఏ నిర్మాణం 1953లో తెలిసింది. ఆ డిఎన్ఏలో కోరిన భాగాన్ని కోసి, వేరుచేసి, మరొక అణువుతో కలిపి, బాక్టీరియాలో పెంచగలిగే స్థితి 1973 నాటికి వచ్చింది. ఈ రెండు సంవత్సరాల మధ్య జరిగింది ప్రధానంగా పద్ధతుల చరిత్ర. రెస్ట్రిక్షన్ ఎంజైములు, జెల్ ఎలక్ట్రోఫోరెసిస్, లైగేజ్, ప్లాస్మిడ్, సదరన్ బ్లాట్ అనే సాధనాలు ఏ ప్రశ్నల నుంచి పుట్టాయో, ఎవరి చేతుల మీదుగా రూపుదిద్దుకున్నాయో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. పురస్కారాలలో, పేటెంట్లలో నమోదైన పేర్లకూ ప్రయోగశాల బల్ల దగ్గర పనిచేసిన వారి పేర్లకూ మధ్య ఉన్న అంతరాన్ని చూపడం, ఈ పద్ధతులు హైదరాబాదుకు చేరిన తీరును వివరించడం దీని లక్ష్యాలు.

కీలకపదాలు: డిఎన్ఏ, రెస్ట్రిక్షన్ ఎంజైము, జెల్ ఎలక్ట్రోఫోరెసిస్, ప్లాస్మిడ్, క్లోనింగ్, సదరన్ బ్లాట్, అసిలొమార్, సీసీఎంబీ.

1. ఉపోద్ఘాతం

విజ్ఞానశాస్త్ర చరిత్రను సాధారణంగా సిద్ధాంతాల చరిత్రగా చెబుతారు. జన్యుశాస్త్రం విషయంలో ఈ ధోరణి మరింత స్పష్టం. మెండెల్ బఠానీ మొక్కలు, 1944లో ఏవరీ బృందం ప్రయోగం, 1953లో వాట్సన్, క్రిక్ ప్రతిపాదించిన జంట సర్పిల నమూనా. అక్కడినుంచి కథనం నేరుగా బాక్టీరియాలో తయారైన మానవ ఇన్సులిన్ దగ్గరకు వెళ్తుంది. మధ్యలో ఉన్న ఇరవై ఐదేళ్లలో ఏం జరిగిందన్న ప్రశ్నకు పాఠ్యపుస్తకాలు ఇచ్చే చోటు చాలా తక్కువ.

నిర్మాణం తెలిసినంత మాత్రాన డిఎన్ఏ శాస్త్రవేత్త చేతికి లొంగలేదు. ఈకొలై అనే సాధారణ బాక్టీరియాలోని డిఎన్ఏ పోగులో సుమారు 46 లక్షల అక్షరాల జతలు ఉంటాయి. మానవుని ఒక జతలోని క్రోమోజోములలో అవి సుమారు 300 కోట్లు. ఈ పొడవైన పోగును బలంగా కలిపితే తెగుతుంది. అయితే ఎక్కడ తెగుతుందో చెప్పలేం. ఒక్కొక్క అణువు ఒక్కొక్క చోట తెగుతుంది.

తాళపత్ర ప్రతులతో పనిచేసిన పరిశోధకులకు ఈ ఇబ్బంది సులభంగా అర్థమవుతుంది. ఒకే గ్రంథానికి లక్ష ప్రతులున్నాయనుకుందాం. ప్రతి ఒక్కటీ వేరువేరు చోట్ల చిరిగితే ఆ ముక్కలను పక్కపక్కన పెట్టి సరిచూడటం సాధ్యం కాదు. లక్ష ప్రతులూ ఒకే పదం దగ్గర చిరిగితే, ఒకే రకం ముక్కలన్నీ ఒకచోట చేరతాయి. అప్పుడు ఒక్కొక్క ముక్కనూ విడిగా చదవవచ్చు, తిరిగి వరుసలో పేర్చవచ్చు. డిఎన్ఏను 'ఒకే పదం దగ్గర' కోయగల సాధనం దొరకడమే ఈ చరిత్రలో మొదటి మలుపు. ఆ సాధనాన్ని ఎవరూ కోరి తయారుచేయలేదు. అది బాక్టీరియాలో ముందే ఉంది. దాన్ని గుర్తించడానికి మాత్రం రెండు దశాబ్దాలు పట్టింది.

2. పగిలిన గాజునాళిక: 1952-1962

బాక్టీరియాలపై దాడిచేసి వాటిలో పెరిగే వైరసులను ఫాజ్‌లు అంటారు. 1952లో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో సాల్వడార్ లూరియా, మేరీ హ్యూమన్ ఒక వింతను ప్రకటించారు. ఒక ప్రత్యేకమైన ఈకొలై రకంలో పెరిగి బయటికొచ్చిన ఫాజ్‌లు ఆ తరువాత మామూలు ఈకొలైలో పెరగడం మానేశాయి. అవి నశించాయనే మొదట అనిపించింది. అయితే షిగెల్లా అనే మరో బాక్టీరియాలో అవి చక్కగా పెరిగాయి. ఈ విషయం బయటపడటానికి ఒక ప్రమాదం కారణమని లూరియా తరువాత చెప్పుకొన్నాడు. ప్రయోగానికి సిద్ధం చేసిన ఈకొలై నాళిక పగిలిపోవడంతో, సహోద్యోగి జూసెప్పె బెర్తానీ దగ్గరున్న షిగెల్లాను వాడవలసి వచ్చింది. ఆ మార్పే ఫాజ్‌లు బతికే ఉన్నాయని చూపింది.

1953లో బెర్తానీ, జీన్ వైగల్ ఇతర ఫాజ్‌లలోనూ ఇదే లక్షణాన్ని గమనించారు. ఒక రకం బాక్టీరియాలో పెరిగిన ఫాజ్ మరో రకంలోకి వెళ్తే బహు స్వల్ప సంఖ్యలోనే బతుకుతుంది. అలా బతికిన వాటి సంతానం మాత్రం ఆ కొత్త రకంలో ఏ అడ్డంకీ లేకుండా పెరుగుతుంది. పాత రకంలోకి తిరిగి వెళ్తే మళ్లీ అడ్డంకి ఎదురవుతుంది. ఇది ఉత్పరివర్తనం కాదు. ఉత్పరివర్తనమైతే ఇంత క్రమంగా వెనుకకూ ముందుకూ మారదు. పుట్టిన ఇంటి గుర్తు ఏదో ఫాజ్ మీద పడుతున్నదని మాత్రం అర్థమైంది.

ఆ గుర్తు డిఎన్ఏ మీదే పడుతున్నదని తేల్చినవారు జెనీవాలోని వెర్నర్ ఆర్బర్, ఆయన వద్ద డాక్టరేట్ పరిశోధన చేసిన డైసీ దుస్వా. రేడియోధార్మిక పరమాణువులతో గుర్తుపెట్టిన ఫాజ్ డిఎన్ఏ పరాయి బాక్టీరియాలోకి ప్రవేశించిన కొద్దిసేపటికే ముక్కలవుతున్నదని వారు 1962లో ప్రచురించిన జంట వ్యాసాలలో చూపారు. ప్రతి బాక్టీరియా రకానికీ రెండు పనులు చేసే వ్యవస్థ ఉంటుందని ఆర్బర్ తరువాత ప్రతిపాదించాడు. ఒకటి తన డిఎన్ఏ మీద రక్షణ ముద్ర వేస్తుంది. రెండవది ఆ ముద్ర లేని డిఎన్ఏను కోస్తుంది. ఆ ముద్ర మిథైల్ అనే చిన్న రసాయన గుంపు.

ఇక్కడ పేరును గురించి ఒక మాట అవసరం. 'రెస్ట్రిక్షన్' అనే పదానికి కోతతో సంబంధం లేదు. ఫాజ్ పెరుగుదలకు ఏర్పడే నిరోధాన్ని సూచించే మాట అది. నిరోధానికి కారణం కోత అని తెలిసినప్పటికి పేరు స్థిరపడిపోయింది. అందువల్ల నేటికీ డిఎన్ఏను కోసే ఎంజైములను 'నిరోధ' ఎంజైములనే పిలుస్తున్నారు. సాధనం ఏ ప్రశ్న నుంచి పుట్టిందో దాని పేరు గుర్తుచేస్తూనే ఉంటుంది.

3. నిర్దిష్టమైన కోత: 1968-1971

1968లో హార్వర్డ్‌లో మాథ్యూ మెసెల్సన్, రాబర్ట్ యువాన్ ఈకొలై నుంచి ఒక రెస్ట్రిక్షన్ ఎంజైమును శుద్ధిచేశారు. అది నిర్ణీత స్థానాన్ని గుర్తుపడుతుంది కానీ కోత మాత్రం అక్కడినుంచి దూరంగా, అనిశ్చితమైన చోట వేస్తుంది. సిద్ధాంతపరంగా విలువైన ఆ ఎంజైము ప్రయోగశాలకు సాధనంగా పనికిరాలేదు.

సాధనంగా పనికొచ్చే ఎంజైము జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో దొరికింది. హామిల్టన్ స్మిత్, ఆయన విద్యార్థి కెంట్ విల్కాక్స్ అప్పుడు హీమోఫిలస్ ఇన్‌ఫ్లుయెంజే అనే బాక్టీరియా బయటి డిఎన్ఏను ఎలా గ్రహిస్తుందో పరిశోధిస్తున్నారు. దానికి పి22 అనే పరాయి ఫాజ్ డిఎన్ఏను అందిస్తే దాన్ని తిరిగి రాబట్టడం సాధ్యం కాలేదు. బాక్టీరియా సారంలో ఈ పరాయి డిఎన్ఏను కలిపి ద్రావణం చిక్కదనాన్ని కొలిచారు. పొడవైన పోగులున్న డిఎన్ఏ ద్రావణం చిక్కగా ఉంటుంది, పోగులు తెగితే పలుచబడుతుంది. పి22 డిఎన్ఏ ద్రావణం పలుచబడింది. హీమోఫిలస్ సొంత డిఎన్ఏ ద్రావణం పలుచబడలేదు. ఈ ఫలితాలను 1970లో ప్రచురించారు. థామస్ కెల్లీతో కలిసి స్మిత్ ఆ ఎంజైము గుర్తుపట్టే ఆరు అక్షరాల వరుసను నిర్ణయించాడు. కోత ఆ వరుస మధ్యలోనే పడుతుంది.

ఈ రకం ఎంజైములు గుర్తించే వరుసలలో ఒక సౌష్ఠవం ఉంటుంది. తెలుగు పాఠకులకు 'వికటకవి' వంటి పదాలు పరిచితమే. ఎటునుంచి చదివినా ఒకటే. డిఎన్ఏలోని అనులోమ విలోమం దీనికి కొంత భిన్నం. ఒక పోగును వెనుకనుంచి చదివితే అదే వరుస రాదు. దాని ఎదుటి పోగును దాని దిశలో చదివితే అదే వరుస వస్తుంది. ఉదాహరణకు ఈకొలై నుంచి లభించిన 'ఎకో ఆర్ వన్' అనే ఎంజైము 'జి-ఎ-ఎ-టి-టి-సి' అనే వరుసను గుర్తిస్తుంది. ఎ ఎదుట టి, జి ఎదుట సి ఉంటాయన్న నియమం ప్రకారం ఎదుటి పోగును వ్యతిరేక దిశలో చదివితే అక్కడా 'జి-ఎ-ఎ-టి-టి-సి' వరుసే కనిపిస్తుంది. అందుకే ఎంజైము రెండు పోగులనూ ఒకే తీరులో కోయగలుగుతుంది.

స్మిత్ ఎంజైమును పరిశోధన సాధనంగా మలచినది అదే విశ్వవిద్యాలయంలోని డానియల్ నాథన్స్, ఆయన విద్యార్థిని కాథలీన్ డానా. నాథన్స్ 1969లో ఇజ్రాయెల్‌లో ఉండగా ఈ ఎంజైము సంగతి స్మిత్ ఉత్తరం ద్వారా ఆయనకు తెలిసింది. కోతుల కణాలలో పెరిగే ఎస్‌వి40 అనే చిన్న వైరస్ డిఎన్ఏను ఈ ఎంజైముతో కోసి, ముక్కలను జెల్‌లో వేరుచేస్తే 11 ముక్కలు స్పష్టంగా కనిపించాయని డానా, నాథన్స్ 1971లో ప్రకటించారు. ఆ ముక్కల వరుసను నిర్ణయించి వైరస్ డిఎన్ఏకు ఒక పటం తయారుచేశారు. ఒక జన్యుపదార్థాన్ని ముక్కలుగా కోసి, ముక్కల ఆధారంగా పటం గీయడం అనే పద్ధతి ఇక్కడినుంచి వ్యాపించింది.

1978 నోబెల్ పురస్కారం ఆర్బర్, స్మిత్, నాథన్స్‌లకు దక్కింది. దుస్వా, విల్కాక్స్, డానా, అంతకుముందు మేరీ హ్యూమన్ పేర్లు తొలి వ్యాసాల శీర్షికల కింద మాత్రమే మిగిలాయి. నోబెల్ నియమాల ప్రకారం ఒక పురస్కారాన్ని ముగ్గురికి మించి పంచరు కాబట్టి ఎంపిక తప్పనిసరి. అయితే నియమం అవసరంకోసం చేసిన ఎంపిక క్రమంగా చరిత్రగా స్థిరపడటం గమనించవలసిన విషయం.

4. చూడటం: జెల్ ఎలక్ట్రోఫోరెసిస్

కోసిన ముక్కలు కంటికి కనిపించకపోతే కోత వల్ల ప్రయోజనం లేదు. డిఎన్ఏలోని ఫాస్ఫేట్ భాగాల వల్ల దానికి ఋణ విద్యుదావేశం ఉంటుంది. జెల్ పలకలో ఒక చివర డిఎన్ఏ ద్రావణం పోసి విద్యుత్తు పంపితే ముక్కలు ధనధ్రువం వైపు కదులుతాయి. జెల్‌లోని సన్నని రంధ్రాల గుండా చిన్న ముక్కలు వేగంగా, పెద్ద ముక్కలు నెమ్మదిగా సాగుతాయి. కొంతసేపటికి ముక్కలు పొడవును బట్టి వరుసగా విడిపోతాయి. పొడవు తెలిసిన ముక్కలను పక్కన నడిపిస్తే తెలియని ముక్కల పొడవును పోల్చి చెప్పవచ్చు.

తొలిరోజుల్లో ఈ ముక్కలను గుర్తించడానికి డిఎన్ఏకు రేడియోధార్మికతను జోడించవలసి వచ్చేది. 1973లో కోల్డ్ స్ప్రింగ్ హార్బర్ ప్రయోగశాలకు చెందిన ఫిలిప్ షార్ప్, బిల్ సగ్డెన్, జోసెఫ్ సాంబ్రూక్ సముద్రపు నాచు నుంచి లభించే అగరోజ్ జెల్‌ను, ఎథీడియం బ్రోమైడ్ అనే రంజకాన్ని కలిపి వాడారు. ఈ రంజకం డిఎన్ఏ అక్షరాల జతల మధ్య దూరి, అతినీలలోహిత కాంతిలో నారింజ రంగులో వెలుగుతుంది. నిన్నటివరకు రోజులు పట్టిన పరీక్ష కొన్ని గంటలలో పూర్తయ్యే స్థితి ఏర్పడింది. ఎంజైము పనిచేసిందా లేదా అన్నది అదే రోజు తెలియడం వల్ల కొత్త రెస్ట్రిక్షన్ ఎంజైముల అన్వేషణ వేగం పుంజుకుంది. ఈ చరిత్రలో పెద్ద పురస్కారాలేవీ రాని మెట్టు ఇది. అయినా నేటికీ ప్రతి జీవశాస్త్ర విద్యార్థీ మొదట నేర్చుకునే పని జెల్ పోయడమే.

5. కలపడం: ఖొరానా నుంచి మెర్ట్జ్ వరకు

తెగిన డిఎన్ఏను అతికించే లైగేజ్ ఎంజైమును 1967లో పలు ప్రయోగశాలలు దాదాపు ఏకకాలంలో కనుగొన్నాయి. దీన్ని తొలినాళ్లలోనే నిర్మాణ సాధనంగా వాడినవారిలో భారతదేశంలో పుట్టిన హరగోవింద ఖొరానా ముఖ్యుడు. ఆయన బృందం రసాయన పద్ధతిలో చిన్న చిన్న డిఎన్ఏ ముక్కలను తయారుచేసి, వాటిని లైగేజ్‌తో కలిపి 77 అక్షరాల జతలున్న ఒక ఈస్ట్ జన్యువును సంపూర్ణంగా నిర్మించింది. 1970లో ఆ ఫలితం వెలువడింది.

వేరువేరు జీవులకు చెందిన డిఎన్ఏలను కలిపే పనిని స్టాన్‌ఫర్డ్‌లో పాల్ బర్గ్ చేపట్టాడు. 1972లో డేవిడ్ జాక్సన్, రాబర్ట్ సైమన్స్‌లతో కలిసి ఎస్‌వి40 వైరస్ డిఎన్ఏను, లామ్డా ఫాజ్ జన్యువులనూ ఈకొలై జన్యువులనూ మోసే మరొక డిఎన్ఏతో ఆయన కలిపాడు. ముక్కల చివర్లకు ఎ అక్షరాల తోకను, టి అక్షరాల తోకను జోడించి, ఆ తోకలు జతపడేలా చేయడం వారి మార్గం. ఇది పలు ఎంజైములు అవసరమైన క్లిష్టమైన పని. స్టాన్‌ఫర్డ్‌లోనే పీటర్ లాబన్ అనే పరిశోధక విద్యార్థి ఇదే ఆలోచనను స్వతంత్రంగా రూపొందించాడు.

ఈ క్లిష్టతను తొలగించినది బర్గ్ వద్ద పరిశోధన చేస్తున్న జానెట్ మెర్ట్జ్. శాన్‌ఫ్రాన్సిస్కోలోని హెర్బర్ట్ బోయర్ ప్రయోగశాల నుంచి వచ్చిన ఎకో ఆర్ వన్ ఎంజైముతో ఎస్‌వి40 వలయాన్ని కోసినప్పుడు, ఆ తెగిన డిఎన్ఏ తక్కువ ఉష్ణోగ్రతలో తనంతట తాను తిరిగి వలయంగా మారడాన్ని ఆమె, రొనాల్డ్ డేవిస్ ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో చూశారు. దీనికి కారణం కోత తిన్నగా కాక మెట్టులాగా పడటం. తెగిన ప్రతి చివరా నాలుగు అక్షరాల పొడవున్న ఒంటిపోగు మిగులుతుంది. ఈ ఎంజైముతో కోసిన ఏ డిఎన్ఏకైనా అదే రకం చివర ఉంటుంది. కాబట్టి ఏ రెండు డిఎన్ఏలనైనా ఈ ఒక్క ఎంజైముతో కోసి, లైగేజ్‌తో అతికిస్తే చాలు. 1972లో వెలువడిన ఈ ఫలితం తరువాత తోకలు జోడించే శ్రమ చాలామందికి తప్పింది.

బోయర్ ప్రయోగశాల రెస్ట్రిక్షన్ పరిశోధనలో జెనీవా నుంచి వచ్చిన డైసీ దుస్వా కూడా పాలుపంచుకుంది. 1969లో బోయర్‌తో కలిసి ఆమె ప్రచురించిన వ్యాసం ఇందుకు నిదర్శనం. జెనీవాలో పరాయి డిఎన్ఏ ముక్కలవడాన్ని చూసిన పరిశోధకురాలే, ఆ ముక్కల శాస్త్రం సాధనంగా మారిన చోటికి చేరడం ఈ పద్ధతులు మనుషులతోపాటు ప్రయాణించాయనడానికి ఉదాహరణ.

6. పెంచడం: 1973 నాటి క్లోనింగ్

కలిపిన అణువు ఒకటి రెండు ప్రతులలో ఉంటే దానితో ఏమీ చేయలేం. దాన్ని కోట్లాది ప్రతులుగా పెంచాలి. ఇందుకు స్టాన్లీ కోహెన్ పరిశోధిస్తున్న ప్లాస్మిడ్‌లు మార్గం చూపాయి. ప్లాస్మిడ్ అంటే బాక్టీరియాలో ప్రధాన క్రోమోజోముకు వెలుపల ఉండే చిన్న డిఎన్ఏ వలయం. యాంటిబయోటిక్ మందులను తట్టుకునే జన్యువులు తరచుగా వీటిలో ఉంటాయి. 1970లో మాండెల్, హిగా చూపిన కాల్షియం క్లోరైడ్ పద్ధతిని అనుసరించి, ప్లాస్మిడ్ డిఎన్ఏను ఈకొలైలోకి పంపవచ్చునని కోహెన్, ఆనీ చాంగ్, లెస్లీ షూ 1972లో చూపారు.

1972 నవంబరులో హవాయిలో జరిగిన ప్లాస్మిడ్ సదస్సులో కోహెన్, బోయర్ కలిసి పనిచేయడానికి నిశ్చయించుకున్నారు. కోహెన్ దగ్గర ప్లాస్మిడ్, బోయర్ దగ్గర ఎంజైము ఉన్నాయి. రెండు ప్రయోగశాలల మధ్య దూరాన్ని కలిపింది ఆనీ చాంగ్. శాన్‌ఫ్రాన్సిస్కోలో నివసిస్తూ స్టాన్‌ఫర్డ్‌లో పనిచేస్తున్న ఆమె డిఎన్ఏ నమూనాలను అటూ ఇటూ చేరవేసింది.

వారు ఎంచుకున్న పిఎస్‌సి101 అనే ప్లాస్మిడ్‌లో ఎకో ఆర్ వన్ ఒకే ఒక్క చోట కోస్తుంది. టెట్రాసైక్లిన్‌ను తట్టుకునే జన్యువు అందులో ఉంది. కోసిన ఆ వలయంలో కనామైసిన్‌ను తట్టుకునే జన్యువున్న మరొక ప్లాస్మిడ్ ముక్కను చేర్చి ఈకొలైలోకి పంపారు. డిఎన్ఏను గ్రహించే కణాలు బహు స్వల్పం. అయితే రెండు మందులూ కలిపిన పళ్లెంలో కణాలను పరిస్తే, రెండు జన్యువులూ ఉన్న కణాలే బతుకుతాయి. మిగిలినవన్నీ చనిపోతాయి. వెతకవలసిన పనిని మందే చేసిపెడుతుంది. బతికిన ఒక్క కణం నుంచి పుట్టిన గుంపంతా ఒకే అణువుకు ప్రతులు. క్లోనింగ్ అన్న మాటకు ఇక్కడ అర్థం అదే.

1973 నవంబరులో వెలువడిన ఈ వ్యాసానికి కోహెన్, చాంగ్, బోయర్, రాబర్ట్ హెల్లింగ్ రచయితలు. మరుసటి సంవత్సరం జాన్ మారో తోడవడంతో ఆఫ్రికా కప్ప రైబోసోమ్ జన్యువులు కూడా ఈకొలైలో పెరిగాయి. జీవజాతుల మధ్య సరిహద్దు ఈ పద్ధతికి అడ్డు కాదని తేలింది.

7. ఆగి ఆలోచించిన సందర్భం: 1971-1977

ఈ పద్ధతుల వెంటే భయం కూడా వచ్చింది. ఎస్‌వి40 వైరస్ కొన్ని జంతువులలో కణితులను కలిగిస్తుంది. ఆ డిఎన్ఏను మానవుని పేగులలో నివసించే ఈకొలైలో ప్రవేశపెట్టాలన్న బర్గ్ ప్రయోగశాల ప్రణాళికను 1971 వేసవిలో కోల్డ్ స్ప్రింగ్ హార్బర్ శిక్షణ తరగతిలో మెర్ట్జ్ ప్రస్తావించింది. అక్కడి రాబర్ట్ పొలాక్ ఆందోళనచెంది బర్గ్‌కు ఫోన్ చేశాడు. బర్గ్ మొదట ఒప్పుకోకపోయినా, పలువురితో చర్చించిన తరువాత ఆ ప్రయోగాన్ని నిలిపివేశాడు.

1973లో ఒక శాస్త్ర సదస్సులో బోయర్ కొత్త ఫలితాలను వివరించిన తరువాత, అధ్యక్షత వహించిన మాక్సిన్ సింగర్, డీటర్ సోల్ తమ ఆందోళనను బహిరంగ లేఖగా ప్రచురించారు. 1974లో బర్గ్ నాయకత్వంలోని సంఘం కొన్ని రకాల ప్రయోగాలను స్వచ్ఛందంగా ఆపాలని కోరింది. 1975 ఫిబ్రవరిలో కాలిఫోర్నియా తీరంలోని అసిలొమార్‌లో సుమారు 140 మంది సమావేశమై, ప్రమాదస్థాయిని బట్టి రక్షణలను నిర్ణయించే సూత్రాలను అంగీకరించారు. 1976 జూన్‌లో అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల మార్గదర్శకాలు వెలువడ్డాయి. అదే సంవత్సరం హార్వర్డ్ ఉన్న కేంబ్రిడ్జ్ నగరపాలక మండలి బహిరంగ విచారణ జరిపి, ఈ ప్రయోగాలను కొంతకాలం ఆపించింది. సామాన్య పౌరుల సమీక్షాసంఘం విషయాన్ని పరిశీలించి అదనపు జాగ్రత్తలతో అనుమతించాలని సూచించింది.

అసిలొమార్‌ను శాస్త్రవేత్తల స్వయంనియంత్రణకు ఆదర్శంగా చెప్పడం పరిపాటి. అందులో సత్యం ఉంది. అయితే అక్కడ చర్చ ప్రధానంగా ప్రయోగశాల భద్రతకే పరిమితమైంది. ఈ పద్ధతుల ఫలాలు ఎవరివి అన్న ప్రశ్న ఆ సమావేశంలో ప్రధానాంశం కాలేదు. ఆ ప్రశ్న వేరే చోట పరిష్కారమవుతూ వచ్చింది.

8. యాజమాన్యం: వ్యాసం నుంచి పేటెంటుకు

కోహెన్-బోయర్ పద్ధతికి 1974 నవంబరులో పేటెంటు దరఖాస్తు దాఖలైంది. 1980 డిసెంబరులో తొలి పేటెంటు లభించింది. 1997లో గడువు ముగిసేలోగా నాలుగు వందలకు పైగా కంపెనీలు దానికి అనుమతి రుసుము చెల్లించాయి. రెండు విశ్వవిద్యాలయాలకూ కలిపి 25 కోట్ల డాలర్లకు పైగా ఆదాయం వచ్చింది. వ్యాసానికి రచయితలు నలుగురు, పేటెంటుకు ఆవిష్కర్తలు ఇద్దరు. చాంగ్, హెల్లింగ్ పేర్లు అందులో లేవు. పేటెంటు చట్టం దృష్టిలో భావన రూపొందించినవారే ఆవిష్కర్తలు, పని జరిపించినవారు కారు. కానీ పద్ధతుల చరిత్రలో భావన ఎక్కడ ముగిసి పని ఎక్కడ మొదలవుతుందో గీత గీయడం కష్టమని మెర్ట్జ్, చాంగ్ ఉదాహరణలు సూచిస్తాయి. కోత మెట్టులాగా పడుతుందన్నది ఎవరి భావనా కాదు, బల్ల దగ్గర కనిపించిన వాస్తవం.

బోయర్ 1976లో రాబర్ట్ స్వాన్సన్‌తో కలిసి జెనెన్‌టెక్ కంపెనీని స్థాపించాడు. 1978లో మానవ ఇన్సులిన్ బాక్టీరియాలో తయారైంది. 1982లో అది ఔషధంగా ఆమోదం పొందింది. అంతవరకు మధుమేహ రోగులు పశువుల, పందుల క్లోమగ్రంథుల నుంచి తీసిన ఇన్సులిన్ మీదే ఆధారపడ్డారు. ఈ ప్రయోజనం ఎంత పెద్దదో యాజమాన్య ప్రశ్న కూడా అంత ముఖ్యమైనది. మందు ధరను నిర్ణయించేది చివరకు ఆ యాజమాన్యమే.

9. వెతకడం: ఎడిన్‌బరో నుంచి హైదరాబాదుకు

మానవ డిఎన్ఏను రెస్ట్రిక్షన్ ఎంజైముతో కోస్తే లక్షల ముక్కలు వస్తాయి. జెల్‌లో అవి విడివిడి గీతలుగా కాక ఒకే చారగా కనిపిస్తాయి. అందులో కావలసిన జన్యువున్న ముక్కను గుర్తించే పద్ధతిని ఎడిన్‌బరోలో ఎడ్విన్ సదరన్ రూపొందించి 1975లో ప్రచురించాడు. జెల్‌లోని డిఎన్ఏ పోగులను విడదీసి, జెల్ మీద నైట్రోసెల్యులోజ్ పొర, దానిపై పీల్చుకునే కాగితాల దొంతర పెడతారు. ఉప్పునీరు కిందినుంచి పైకి ఎగబాకుతూ డిఎన్ఏను పొరమీదకు చేరుస్తుంది. రేడియోధార్మికత గల ఒక చిన్న డిఎన్ఏ శోధిని తన జతను వెతుక్కొని అక్కడ అంటుకుంటుంది. ఎక్స్-రే ఫిల్ము మీద ఆ చోటు గీతగా పడుతుంది. ఖరీదైన యంత్రమేదీ అవసరం లేని ఈ పద్ధతికి 'సదరన్ బ్లాట్' అనే పేరు స్థిరపడింది. 'దక్షిణ' అనే అర్థమున్న ఈ ఇంటిపేరును ఆధారం చేసుకొని ఆర్ఎన్ఏను గుర్తించే పద్ధతిని 'నార్దర్న్' అని, ప్రొటీన్లను గుర్తించే పద్ధతిని 'వెస్టర్న్' అని చమత్కారంగా పిలిచారు.

ఈ పద్ధతి హైదరాబాదుకు చేరిన మార్గం ఆసక్తికరమైనది. ఎడిన్‌బరోలోనే కెన్నెత్ జోన్స్‌తో పనిచేసిన లాల్జీ సింగ్ కట్లపాము జాతికి చెందిన బ్యాండెడ్ క్రెయిట్ డిఎన్ఏలో లింగ క్రోమోజోముకు సంబంధించిన ఒక పునరావృత భాగాన్ని వేరుచేశాడు. దానికి బికెఎం అని పేరు. 'జి-ఎ-టి-ఎ' అనే నాలుగు అక్షరాలు పదేపదే రావడం దాని లక్షణం. 1984లో ఇంగ్లండులో అలెక్ జెఫ్రీస్ డిఎన్ఏ వేలిముద్ర పద్ధతిని కనుగొన్నాడు. పుష్ప మిత్ర భార్గవ నాయకత్వంలో రూపొందిన సెంటర్ ఫర్ సెల్యులర్ అండ్ మాలిక్యులర్ బయాలజీ (సీసీఎంబీ)లో చేరిన లాల్జీ సింగ్, బికెఎం శోధినితో మనిషికీ మనిషికీ మధ్య తేడాను గుర్తించవచ్చునని చూపాడు. పాముల లింగనిర్ణయాన్ని గురించిన ప్రశ్న నుంచి పుట్టిన శోధిని న్యాయస్థానానికి చేరింది. 1980ల చివర కేరళలోని తలశ్శేరిలో విచారణకు వచ్చిన ఒక పితృత్వ వివాదంలో హైదరాబాదు పరీక్ష సాక్ష్యమైంది. తన బిడ్డకు తండ్రి ఎవరో నిరూపించుకోవలసిన స్త్రీకి, సాక్షుల మాటమీద మాత్రమే ఆధారపడనవసరం లేని ఒక ఆధారం అప్పుడు లభించింది.

క్లోనింగ్ పద్ధతి కూడా ఇదే నగరంలో ఔషధ రూపం ధరించింది. హెపటైటిస్-బి వైరస్ పైపొర ప్రొటీన్ జన్యువును ఈస్ట్‌లో ప్రవేశపెట్టి తయారుచేసిన టీకాకు అమెరికాలో 1986లో ఆమోదం లభించింది. దిగుమతి అయిన ఆ రకం టీకాలు భారతదేశంలో సామాన్యులకు అందుబాటులో లేవు. కె. ఐ. వరప్రసాద్ రెడ్డి 1993లో స్థాపించిన శాంతా బయోటెక్నిక్స్ పిచియా అనే ఈస్ట్‌లో అదే ప్రొటీన్‌ను తయారుచేసి, 1997లో షాన్‌వాక్-బి పేరుతో టీకాను విడుదల చేసింది. దేశంలోనే రూపొందిన తొలి పునఃసంయోజక టీకా ఇదే. దీనితో ధర గణనీయంగా తగ్గింది. యాజమాన్యం ఎవరిదన్న ప్రశ్నకు ఆచరణలో లభించిన ఒక సమాధానంగా దీన్ని చూడవచ్చు. ఈ రకమైన పనులపై భారత ప్రభుత్వ నియంత్రణ నిబంధనలు పర్యావరణ పరిరక్షణ చట్టం కింద 1989లోనే వచ్చాయి.

10. ముగింపు

పై పరిశీలన నుంచి మూడు అంశాలు తేలుతున్నాయి.

మొదటిది, డిఎన్ఏను కోసే, కలిపే, పెంచే సాధనాలలో ప్రధానమైనవి ఆ ప్రయోజనం కోసం అన్వేషించగా దొరికినవి కావు. ఫాజ్ ఎందుకు పెరగలేదు, యాంటిబయోటిక్‌ను బాక్టీరియా ఎలా తట్టుకుంటుంది, పాములో లింగభేదం ఎలా నిర్ణయమవుతుంది అన్న ప్రశ్నలకు సమాధానాలు వెతికినవారికి అవి లభించాయి. తక్షణ ప్రయోజనం కనిపించని పరిశోధనకు చోటు ఉండాలన్న వాదానికి ఇది బలమైన చారిత్రక ఆధారం.

రెండవది, ఏ ఒక్క పద్ధతీ ఒంటరిగా నిలవలేదు. జెల్ లేకపోతే కోత కనిపించేది కాదు. మెట్టు కోత తెలియకపోతే కలపడం కొద్దిమందికే పరిమితమయ్యేది. ప్లాస్మిడ్ లేకపోతే కలిపిన అణువు పెరిగేది కాదు. 1982లో మానియాటిస్, ఫ్రిట్ష్, సాంబ్రూక్ కోల్డ్ స్ప్రింగ్ హార్బర్ నుంచి ప్రచురించిన ప్రయోగశాలా కరదీపిక ఈ పద్ధతులన్నింటినీ ఒకచోట చేర్చింది. అప్పటినుంచి కొద్దిమంది చేతి పనితనం ఎవరైనా అనుసరించగల పాఠంగా మారింది.

మూడవది, ఈ చరిత్రలో పేర్ల ప్రశ్న. తాళపత్ర గ్రంథం చివర లేఖకుడు తన పేరు, పూర్తిచేసిన తిథి రాసుకోవడం ఆనవాయితీ. గ్రంథకర్త కీర్తితో దానికి పోటీ లేదు. ఆ ప్రతి ఎవరి చేతిమీదుగా వచ్చిందో చెప్పడమే దాని పని. శాస్త్రవ్యాసాల శీర్షికల కింద మేరీ హ్యూమన్, డైసీ దుస్వా, కెంట్ విల్కాక్స్, కాథలీన్ డానా, జానెట్ మెర్ట్జ్, ఆనీ చాంగ్ పేర్లు అలాగే నిలిచి ఉన్నాయి. పురస్కారం, పేటెంటు, పాఠ్యపుస్తకం అనే మూడు దశలలో అవి ఒక్కొక్కటిగా జారిపోయాయి. తెలుగులో విజ్ఞానశాస్త్ర చరిత్ర రాసేవారు పురస్కారాల జాబితాతో ఆగకుండా తొలి వ్యాసాల దాకా వెళ్తే ఈ లోపాన్ని సవరించడం సాధ్యమే. అందుకు కావలసిన ఆధారాలు అచ్చులోనే ఉన్నాయి.